ఇంకెన్నేండ్లు బిడ్డా?

మా నాయినలు మా చదువు గురించి అడిగింది ఒక్కటే ప్రశ్న. ఏం చదువుతున్నవని అడగలేదు, ఎట్ల చదువుతున్నవని అడగలేదు. చెప్పినా తమకు సమజ్ కాదని వాళ్లకు తెలుసు. "ఇంకెన్నేండ్లు బిడ్డా?" అని మాత్రం అడిగిన్రు. దసరాకు ఇంటికి పోతే అడిగిన్రు. ఎస్టీడీ బూత్‌ నుంచి పక్కింటికి ఫోన్ చేసి పిలిపిస్తే, మీటరు తిరుగుతదన్న తొందరల అడిగిన్రు. కొన్నిసార్లు అడగకుండ ఊకున్నరు. అప్పుడు ఇంకింత గట్టిగ వినవడ్డది.

మేము అంటే ఎవలం? 2000 తర్వాతి ఏండ్లల్ల ఒక యూనివర్సిటీ హాస్టల్ల ఒకే వరండా మీద గదులున్నోళ్లం. యూనివర్సిటీ పేరు ఇక్కడ అక్కర లేదు. ఒకని తండ్రి సిరిసిల్లల సాంచాలు నడిపెటోడు. ఇంకొకని తండ్రి మార్కెట్ యార్డుల హమాలి. మరొకని తండ్రి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పాలమూరు నుంచి బొంబాయి, పుణె దాక పోయి కాలువలు తవ్విన మనిషి. ఒకరిది తాళ్లెక్కే ఇల్లు, ఒకరిది చాకిరేవు. అప్లికేషన్ల మీద తండ్రి సంతకం అన్న చోట వేలిముద్ర ఉన్నోళ్లం ముగ్గురం. మా ఇండ్లల్ల యూనివర్సిటీ గేటు దాటిన మొదటి మనుషులం మేమే.

ఈ మాట ఇప్పుడు మంచి గిరాకీ ఉన్న మాట. హమాలి కొడుకు ప్రొఫెసరయ్యిండు, ఆటో డ్రైవర్ కొడుక్కు సర్కారు కొలువు వచ్చింది అని పేపర్లల్ల ఫొటో వేస్తరు, తల్లిదండ్రులతోని స్వీట్లు తినిపిస్తరు. మంచిదే, ఆ ఫొటో చూసి మేమూ సంబురపడ్డం. మరి ప్రొఫెసర్ గాని హమాలి కొడుకుల సంగతేంది? వాళ్లే ఎక్కువమంది. ఫొటోలకు రానోళ్లు. మా వరండల పద్నాలుగు మందిమి ఉంటే ఫొటోలకు ఎక్కినోళ్లు ఇద్దరే.

మిగిలినోళ్లకు తెలివి తక్కువైందని ఎవలన్న అంటే మేము ఒప్పుకోం. రాత్రి రెండింటి దాక రీడింగ్ రూంల కూసున్నోళ్లు వాళ్లే. ఇంగ్లిష్ రాలేదు, నిజమే. తెలుగు మీడియంల చదివి వచ్చి మొదటి ఆర్నెల్లు క్లాసుల ఏం చెప్తున్నరో తెల్వక తెలుగు అకాడమీ పుస్తకాలను దిండు కింద పెట్టుకొని పండుకున్నోళ్లమే అందరం. ఆ ముచ్చట ఇప్పటికే మస్తు మంది రాసిన్రు. మాకు తెలిసినంత వరకు ఇంగ్లిష్ రెండేండ్లల్ల ఎంతో కొంత వస్తది. రానిది వేరే ఉన్నది. అది ఆగే తాకత్.

ఉన్నోళ్ల పిలగాడు ఆగగలడు. ఒక ఏడాది పరీక్ష తప్పితే ఇంకో ఏడాది కోచింగుకు పోతడు. స్కాలర్‌షిప్ అన్న మాటే వానికి అక్కర లేదు. నోటిఫికేషన్ రాకుంటే ఎంబీఏల చేరుతడు, అదీ నచ్చకుంటే విదేశం పోతడు. వాని ఇంట్ల ఎవలూ వాని జీతం కోసం పొయ్యి మీద ఎసరు పెట్టుకొని కూసోలేదు. పేదింటి పిలగానికి ఒక్కొక్క నెల ఒక్కొక్క బాకీ. చిత్రం ఏందంటే, ఆగే తాకత్ ఎవనికి లేదో, ఈ చదువుల వ్యవస్థ వాన్నే అందరికంటె ఎక్కువ రోజులు ఆపుతది.

స్కాలర్‌షిప్ సంగతే చూడున్రి. ఎస్సీ విద్యార్థులకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లనే మొదలైంది. బీసీల ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 ప్రాంతంల వచ్చింది. ఈ రెండు లేకుంటే మేమెవలం చదువుకోకపోదుము, అందులో ముచ్చటే లేదు. కాగితం మీద అది హక్కు. చేతికి వచ్చే తోవ చూస్తే మాత్రం కండ్లు తిరుగుతయి. మీసేవల కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తీసుకోవాలె. ఈ-పాస్‌ల అప్లికేషన్ పెట్టాలె. కాలేజీ చూసి పంపాలె, సంక్షేమ శాఖ ఆఫీసు మంజూరు చెయ్యాలె, బిల్లు ట్రెజరీకి పోవాలె. ట్రెజరీల టోకెన్ పడుతది. టోకెన్ పడ్డదంటే పైసలు వచ్చినట్టే అని మేము మొదట్ల అనుకునేటోళ్లం. టోకెన్ అంటే పైసలు కాదు, వరుసల నిలబడ్డవని చెప్పే చీటీ. ఆ వరుస ఎన్నడు కదులుతదో ట్రెజరీ ముంగట కూసున్న దేవునికి కూడ తెల్వదు.

ఈలోపల హాస్టల్ మెస్ నడవాలె. మా మెస్ డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చును తిన్నోళ్ల మీద పంచుతరు. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు పట్టుకుంటమని రాసుకుంటరు. స్కాలర్‌షిప్ ఏడాది ఆలస్యమైతే మెస్ బాకీ ఏడాది పెరుగుతది. పరీక్ష ఫీజు కట్టే రోజు నో డ్యూస్ కాగితం అడుగుతరు. బాకీ పడ్డది సర్కారు, నో డ్యూస్ తేవాల్సింది పిలగాడు! ఇంటికి ఫోన్ పోతది. ఇంట్ల పుస్తె అమ్ముతరో, మేకను అమ్ముతరో పిలగానికి చెప్పరు. సెలవులకు పోయినప్పుడు దొడ్డి ఖాళీగ కనిపిస్తది, అంతే.

2024ల కాలేజీ హాస్టళ్ల మెస్ చార్జీలను నెలకు 1,500 నుంచి 2,100కు పెంచిన్రు. రోజుకు డెబ్బై రూపాయలు. పెంచినందుకు సంతోషమే. ఆ 2,100 అంకెను మాత్రం మనసుల పెట్టుకోన్రి, మళ్ల దాని కాడికి వస్తం.

అంబేద్కర్ జీవితంల ఒక సంగతి మాకు హాస్టల్ల ఉన్నప్పుడు ఎవలూ చెప్పలేదు. జయంతులు చేసినం, దండలు వేసినం, ఈ సంగతి మాత్రం తర్వాత చదువుకొని తెలుసుకున్నం. ఆయన తండ్రి సైన్యంల సుబేదారు, అక్షరం తెలిసిన మనిషి. అంటే మా ఇండ్లకంటె ఒక మెట్టు పైన. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1913ల న్యూయార్క్ పోయిండు, 1916ల లండన్ పోయిండు. 1917ల స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు నడుమనే ఇడిచిపెట్టి వాపసు వచ్చిండు. బరోడాల కొలువుకు పోతే ఉండనీకె ఇల్లు దొరకలేదు. బొంబాయి కాలేజీల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టుకొని, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం తీసుకొని, 1920ల మళ్ల లండన్ పోయిండు. అంత గొప్ప మేధావి మూడేండ్లు ఆగవలసి వచ్చింది తెలివి చాలక కాదు, గడువు ముగిసినందుకు. నాలుగేండ్ల లోపల తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని లండన్ యూనివర్సిటీ ఆయనకు వీలు ఇచ్చింది కాబట్టి మనకు ఆ డాక్టర్ దక్కిండు. మా వరండల నుంచి నడుమల పోయినోళ్లకు ఎవలూ నాలుగేండ్ల వీలు ఇయ్యలేదు. సెమిస్టర్ ఫీజు తారీఖు దాటితే పేరు కొట్టేసిన్రు.

మా చదువుకు ఇంకొకలు ఆగిన్రు. వాళ్ల పేరు ఏ సర్టిఫికెట్ మీద లేదు. మా అక్కచెల్లెండ్లు. సిరిసిల్ల, కామారెడ్డి, జగిత్యాల దిక్కు పోయి చూస్తే తెలుస్తది. తమ్ముడు ఇంటర్ పాసైతే అక్కను బడి మాన్పించి చాట ముంగట కూసోబెట్టిన్రు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, వెయ్యి బీడీలకు ఇంత అని వచ్చిన కూలితోని మా పరీక్ష ఫీజులు కట్టిన్రు. ఒక ఇంట్ల ఒక్కలను చదివించే స్తోమతే ఉంటే ఆ ఒక్కలు మగపిలగాడే అయితడని ఎవలు రాసిపెట్టిన్రు? మేము అప్పుడు ఆ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నమంటే మాకు ఇప్పుడు ఆడబిడ్డలు ఉన్నరు కాబట్టి. ఇది మా సిగ్గు, దాచుకునేది లేదు.

ఇప్పుడు లెక్క తిరగబడ్డది. 2016 నుంచి దోస్త్ పేరుతోని ఆన్‌లైన్ల జరుగుతున్న డిగ్రీ చేరికలల్ల కొన్నేండ్లుగ ఆడపిల్లలే ఎక్కువ. సంతోషమే. మరి మగపిలగాండ్లు ఎటు పోతున్నరు? కొందరు ఇంజినీరింగుకు పోతున్నరు, అది వేరే. కూలినాలి ఇండ్ల పిలగాండ్లను చూడాలంటే రాత్రి పదింటికి హైదరాబాద్ రోడ్ల మీద డెలివరీ బండ్లను చూడున్రి, ఎర్ర అంగీ, నారింజ అంగీ. ఇంటర్ కాంగనే బండి కిస్తీకి తీసుకొని ఎక్కుతున్నరు. వాళ్లకు చదువు మీద కోపం లేదు. లెక్క వచ్చు వాళ్లకు. అన్న ఎమ్మే చేసి ముప్పై ఏండ్లకు ఇంట్ల కూసున్నడు. తాను ఇయ్యాల బండి ఎక్కితే రేపు పైసలు. ఆ లెక్క తప్పని వానికి చెప్పే నోరు మాకు లేదు.

అన్న ఎందుకు కూసున్నడంటే, అదీ చెప్పాలె. చదువు అయిపోయినంక హాస్టల్ ఖాళీ చెయ్యాలె. ఖాళీ చేసి ఎటు పోవాలె? జూనియర్ గదిల నాన్ బోర్డర్‌గ ఉంటడు. నాన్ బోర్డర్ అంటే పుస్తకంల పేరు లేనోడు. మంచం మీద కాదు, రెండు మంచాల నడుమ చాప మీద పండుకునేటోడు. మెస్‌ల సోపతిగాని ప్లేట్ల సగం తినేటోడు. వాళ్లను దొంగలను పట్టినట్టు పట్టి బయటికి పంపే అధికారులను చూసినం. అక్కడి నుంచి అశోక్‌నగర్‌కు పోతడు, ఒక గదిల ఆరుగురు. పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీల సీటు కోసం వరుస, పగటీలి 2014ల మొదలైన ఐదు రూపాయల భోజనం కోసం ఇంకో వరుస. అన్నం పెట్టిన ఆ పథకానికి మేము దండం పెడుతం. డిగ్రీ మీద డిగ్రీ ఉన్నోడు ఆ వరుసల మొఖానికి దస్తీ కట్టుకొని నిలబడుడు మాత్రం మా కండ్ల ముంగటి నుంచి పోదు.

ఉద్యమంల మేము సెమిస్టర్లు పోగొట్టుకున్నం. 2009 డిసెంబర్ల క్లాసులు లేవు, పరీక్షలు లేవు, లాఠీలు ఉండె, కేసులు ఉండె. కోర్టుకు వాయిదాల మీద వాయిదాలు తిరిగినోళ్లు మా వరండల నలుగురు. ఇంటికాడ "ఇంకెన్నేండ్లు" అన్న ప్రశ్నకు అప్పుడు మాకు జవాబు దొరికినట్టు అనిపించింది. రాష్ట్రం వచ్చే దాక అన్నం. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నరు కదా, మూడో మాట మా కోసమే అనుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మేము ఆడినం, పాడినం, దానికి ఇప్పటికీ చింత లేదు.

తర్వాత ఏమైంది? ఉమ్మడి రాష్ట్రంల 2011ల వచ్చిన గ్రూప్-1 తర్వాత, తెలంగాణల మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌ల వచ్చింది. 503 పోస్టులు. అక్టోబర్ల ప్రిలిమ్స్ పెట్టిన్రు. పేపర్ లీకైందని 2023 మార్చిల రద్దు చేసిన్రు. జూన్ల మళ్ల పెట్టిన్రు. సెప్టెంబర్ల హైకోర్టు రద్దు చేసింది. డిసెంబర్ల సర్కారు మారింది. 2024 ఫిబ్రవరిల పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతోని కొత్తది వేసిన్రు. జూన్ల ప్రిలిమ్స్, అక్టోబర్ల మెయిన్స్. మళ్ల కోర్టులు. నియామక పత్రాలు చేతికిచ్చింది 2025 సెప్టెంబర్ల. 2022 డిసెంబర్ల వేసిన గ్రూప్-2కు పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ల, అది కూడ వాయిదాల మీద వాయిదాలు పడి. ఏ సర్కారు తప్పెంత అని తూకం వేసేటోళ్లు వేసుకోన్రి. మేము ఒకటే లెక్క చూస్తున్నం. 24 ఏండ్లకు మొదటి ప్రిలిమ్స్ రాసిన పిలగానికి ఆఖరి ఫలితం తెలిసేసరికి 27 నిండినయి. ఆ మూడేండ్లు వాని తండ్రి ఇంకా బస్తాలు మోసిండు. పేపర్ లీక్ చేసినోడు దొంగిలించింది ప్రశ్నలనే అనుకుంటరు అందరు. వాడు ఆ ముసలి వీపు మీద ఇంకో మూడేండ్ల బస్తాలు పెట్టిండు.

అయితే వాపసు పోయి పని చేసుకోవచ్చు కదా, అని పట్నం పెద్దమనుషులు అంటరు. టీవీల కూడ అంటరు. శ్రమ గౌరవం అంటరు. వాపసు పోయినోళ్లను మేము చూసినం. మా సోపతిగాడు ఒకడు ఎమ్మే ఎకనామిక్స్ చేసి, బీఈడీ చేసి, ఆరేండ్లు ఆగి, విసుగొచ్చి సిరిసిల్లకు పోయి సాంచాల కాడ నిలబడ్డడు. పన్నెండు గంటల షిఫ్టు. మొదటి వారంల ఆసామి నవ్విండు. రెండో వారంల తోటి కార్మికులు పేరు మార్చి 'ఎమ్మే' అని పిలిచిన్రు. మూడో వారంల తండ్రే వచ్చి చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోయిండు. "నువ్వు సాంచ పట్టేటట్టయితే నేను నిన్నెందుకు చదివిస్తిరా" అన్నడు. తిట్టలేదు, ఏడ్వలేదు, అంతే అన్నడు. ఇంట్ల కూసుంటే తిండి దండుగ, పనికి పోతే చదువు దండుగ. పిల్లను ఇస్తమని వచ్చినోళ్లు కొలువు ఏందని అడుగుతరు. ప్రిపేర్ అయితున్నడని చెప్తే చాయ తాగి పోతరు. పదో తరగతి తప్పి దుబాయి పోయిన తమ్ముడు పంపే పైసల మీద అన్న బతుకుతడు. తమ్ముడు ఏమనడు. ఆ ఏమనకపోవుడే కష్టం.

మాలోపల ఐదుగురు పాఠాలు చెప్పుకుంటున్నరు. ముగ్గురు పార్ట్‌టైం, ఇద్దరు కాంట్రాక్టు. గంటల లెక్కన పైసలు, అవి కూడ నెలల తరబడి ఆగుతయి. పర్మినెంట్ నియామకాలు లేక యూనివర్సిటీలు వీళ్ల మీదనే నడుస్తున్నయి. క్లాసుల చెప్పేటోడు ఆగుతున్నడు, వినేటోడు ఆగుతున్నడు. ఉస్మానియా 1918ల పెట్టిన్రు, కాకతీయ 1976ల. జిల్లాల పిలగాండ్లకు ఎమ్మే, ఎమ్మెస్సీ చదువంటే చాన్నాళ్లు ఈ రెండే పెద్ద దిక్కు. 2006ల నిజామాబాద్‌కు తెలంగాణ యూనివర్సిటీ, తర్వాతి రెండేండ్లల్ల నల్లగొండ, పాలమూరు, కరీంనగర్లకు యూనివర్సిటీలు వచ్చినయి. చదువు ఇంటి దగ్గరికి వచ్చింది. పంతులు రాలేదు.

డబ్బులు లేవు అని ఎవరున్నా అంటరు. అప్పటోళ్లు అన్నరు, ఇప్పటోళ్లు అంటున్నరు. మేము అడిగేది కొత్త పథకం కాదు. ఉద్యోగులకు ఒకటో తారీఖు జీతం ఇస్తున్నమని సర్కారు గొప్పగ చెప్పుకుంటది. ఇయ్యాల్సిందే, పని చేసినోనికి జీతం ఆపొద్దు. హమాలి కొడుక్కు స్కాలర్‌షిప్పే జీతం. దాన్ని కూడ ఒకటో తారీఖు లెక్కల పెట్టున్రి. అది సాతకాకుంటే, సర్కారు ఇయ్యాల్సిన బాకీ కింద పిలగాని నో డ్యూస్ ఆపొద్దని, సర్టిఫికెట్లు ఆపొద్దని గట్టిగ ఒక్క మాట చెప్పి నిలబడున్రి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి పెట్టుకోవద్దని యూజీసీ 2018లనే చెప్పింది. ఎవలు విన్నరు?

2025 నవంబర్ల బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బందు పెట్టినయి. వాళ్లు బందు పెట్టి సర్కారుతోని మాట్లాడుకోగలరు. పిలగాడు ఎవలతోని మాట్లాడాలె?

మా సిరిసిల్ల సోపతిగాని మేనల్లుడు ఇంజినీరింగ్ అయిపోగొట్టిండు. తండ్రి ఆటో నడుపుతడు, తల్లి బీడీలు చేస్తది. బీసీ పిలగాడు, ఎంసెట్ల ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి సర్కారు ఏడాదికి 35 వేలే కడతది. రెండేండ్లయి రాలేదు. అంటే 70 వేలు. ఒక కంపెనీల కొలువు దొరికింది, ఒరిజినల్స్ తెమ్మన్నరు. కాలేజోళ్లు బాకీ కడితేనే ఇస్తమన్నరు. తండ్రి ఆటో కాగితాలు కుదువపెట్టి, నూటికి మూడు రూపాయల మిత్తికి 70 వేలు తెచ్చి కట్టిండు. నెలకు మిత్తి 2,100. సర్కారు ఒక పిలగాడు నెలంత తినడానికి ఇచ్చే అంకె, షావుకారి నెలంత తినే అంకె ఒక్కటే అయినయి.

రేపు సర్కారు పైసలు విడుదల చేస్తే అవి కాలేజీ ఖాతాల పడుతయి. ఆ 70 వేలు తండ్రికి వాపసు వస్తయా? కాలేజీ ఆఫీసుల అడిగితే అప్పుడు చూద్దామన్నరట. మిత్తి సంగతి ఎవలనూ అడగలేదు, ఎవలను అడగాలో తెల్వదు.

పిలగాని ఫోన్ల టోకెన్ నంబర్ ఫొటో ఉన్నది. మొన్న తండ్రి భోజనం కాడ అడిగిండట, ఆ పైసలు ఇంకెన్నొద్దులు బిడ్డా అని. టోకెన్ పడ్డదే బాపూ, అని వీడు ఫోన్ చూపించిండట. ఆయన అద్దాలు లేక ఫోన్‌ను దూరం పట్టి చూసి, ఇండ్ల తారీఖు ఏడున్నది అన్నడట.